దత్తత ఖర్చుల కోసం కుట్టుపని: ఏం కుట్టాలి, ఎలా అమ్మాలి, ఎక్కడ నోరు అదుపులో ఉంచుకోవాలి

ఇంట్లో కుట్టు మిషన్ ఉంది, చెయ్యి బాగానే తిరిగింది, దత్తత ఖర్చుల లిస్టు చూస్తే మాత్రం గుండె జారింది. అప్పుడు చాలామందికి వచ్చే ఆలోచనే మీకూ వచ్చి ఉంటుంది, నాలుగు సంచులు, పది పౌచులు కుట్టి అమ్మితే ఎంతో కొంత కలిసొస్తుంది కదా అని. కలిసొస్తుంది. నేను చేశాను కాబట్టే చెబుతున్నా. కాకపోతే మొదటి నాలుగు నెలలు కుట్టినవాటిలో సగం విప్పుకుంటూ కూర్చున్నాను, అది పెద్ద బాధ కాదు, విప్పితే కుట్టు ఊడి వస్తుంది. రాబోయే బిడ్డ గురించి నలుగురిలో అనేసిన మాటలు మాత్రం ఎంత లాగినా ఊడి రాలేదు. అందుకే ఇందులో సూదీ దారం సంగతి ఎంత ఉందో, ఏం చెప్పాలి ఏం చెప్పకూడదు అన్న సంగతీ దాదాపు అంతే ఉంటుంది.

1. మిషన్ దగ్గర కూర్చునే ముందు ఒక ఫోన్ కాల్

మీ దత్తత పని చూస్తున్న ఏజెన్సీనో, ప్రభుత్వ ఆఫీసునో, లాయర్‌నో ముందుగా అడగండి: "ఖర్చుల కోసం మేము వస్తువులు కుట్టి అమ్ముకోవచ్చా? అమ్మేటప్పుడు ఇది దత్తత కోసమని చెప్పొచ్చా?" ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు, రెండింటికీ విడివిడిగా జవాబు రాబట్టండి. సొంతంగా కుట్టి అమ్ముకోవడం మామూలు చిన్న వ్యాపారం. దత్తత పేరు చెప్పి అమ్మడం దగ్గరే నియమాలు మారిపోతుంటాయి. జవాబు నోటి మాటగా కాకుండా మెయిల్‌లో వచ్చేలా చూసుకోండి, ఫోన్‌లో మీతో మాట్లాడినవాళ్లు ఆర్నెల్ల తర్వాత అదే సీట్లో ఉంటారన్న గ్యారంటీ లేదు.

వేరే దేశం నుంచి బిడ్డని తెచ్చుకుంటున్నవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. 1993 మే 29న కుదిరిన హేగ్ దత్తత ఒప్పందంలో ఇప్పుడు వందకి పైగా దేశాలు ఉన్నాయి. అందులో 32వ అధికరణం ప్రకారం దత్తత వ్యవహారంలో ఎవరూ అక్రమంగా లాభపడకూడదు, అసలు ఖర్చులు, న్యాయమైన ఫీజులు మాత్రమే తీసుకోవాలి. 4వ అధికరణం ప్రకారం కన్నవాళ్ల సమ్మతి డబ్బిచ్చి తెచ్చుకున్నది కాకూడదు. నియమాల ప్రకారం తేలాల్సినవన్నీ తేలకముందు మీరు కన్నవాళ్లతో నేరుగా మాట్లాడకూడదని 29వ అధికరణం చెబుతుంది, మినహాయింపులు ఉన్నా అవి కొద్దిగానే. మనకి దీంతో పనేమిటంటే, సంచులు అమ్మిన డబ్బులోంచి "ఆ తల్లికి కొంచెం పంపిద్దాం, పాపం" అన్న మంచి మనసు కూడా కేసుని పాడు చేయగలదు. మీరు పోగుచేసే ప్రతి పైసా రసీదు ఉన్న ఖర్చుకే వెళ్లాలి.

2. మొత్తం భారం మిషన్ మీద వేయొద్దు, ఒక్క ఖర్చు ఎంచుకోండి

ఒక కాగితం మీద ఖర్చులన్నీ అవి వచ్చే వరుసలో రాయండి: దరఖాస్తు ఫీజు, హోమ్ స్టడీ (మీ ఇల్లు, ఆదాయం, పరిస్థితులు చూసి రాసే నివేదిక), వైద్య పరీక్షలు, పోలీసు ధ్రువపత్రాలు, నోటరీ, అనువాదాలు, అపోస్టిల్ ముద్రలు (కాగితాలు వేరే దేశంలో చెల్లడానికి వేయించేవి), లాయరు, కోర్టు, ప్రయాణం, అక్కడ బస, బిడ్డ ఇంటికొచ్చాక పంపాల్సిన రిపోర్టులు. వీటిలో కొన్నింటికి గడువు ఉంటుందని మర్చిపోకండి. ఎదురుచూపు సాగితే హోమ్ స్టడీ, వైద్య పత్రాలు మళ్లీ చేయించాల్సి రావచ్చు, ఆ రెండోసారి ఖర్చు కూడా ఇప్పుడే రాసుకోండి.

ఇప్పుడు ఆ లిస్టులోంచి ఒకటి ఎంచుకోండి. అనువాదాలు, నోటరీలు అనుకుందాం, లేదా ప్రయాణం టిక్కెట్లు. "దత్తత మొత్తం కుట్టుతోనే" అనుకుంటే నెల తిరిగేసరికి నడుం పడిపోతుంది, మిషన్ చప్పుడు వింటేనే ఏడుపొస్తుంది. ఒక ఖర్చు పెట్టుకుంటే అది తీరిన రోజు తెలుస్తుంది, కొనేవాళ్లకి చెప్పడానికీ తేలిక.

తర్వాత లెక్క. కావలసిన మొత్తాన్ని ఒక వస్తువు మీద మిగిలే దాంతో భాగిస్తే ఎన్ని వస్తువులు కుట్టాలో వస్తుంది. 300 పౌచులు అని వచ్చిందనుకోండి, ఒక్కోదానికి 40 నిమిషాలు పడితే 200 గంటలు. వారానికి 8 గంటలకి మించి కూర్చోలేకపోతే 25 వారాలు, అంటే దాదాపు ఆరు నెలలు. ఈ అంకె చూసి భయం వేస్తే మంచిదే, ఇప్పుడే వేయనివ్వండి. వస్తువు మార్చండి, లేదా ఖర్చు చిన్నది ఎంచుకోండి. వారానికి ఎన్ని గంటలన్న దగ్గర మాత్రం మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి. ఉద్యోగం, వంట, ఏజెన్సీ వాళ్ల కాగితాలు, వీటన్నిటి తర్వాత మిగిలే గంటలే లెక్క.

ఇంకో మాట. హోమ్ స్టడీలో మీ ఆదాయం నిలకడగా ఉందా అని చూస్తారు. కుట్టు డబ్బుని ఒకసారి అయిపోయే ఖర్చుల కిందే చూపించండి, బిడ్డని పెంచడానికి ఇదే ఆధారమన్నట్టు చూపించకండి.

3. ఏం కుట్టాలి

దత్తత అనగానే చెయ్యి చిన్నపిల్లల వస్తువుల మీదకి వెళ్తుంది. బిబ్బులు, బొమ్మలు, పసిబొంతలు. నేనూ అక్కడే మొదలుపెట్టాను, మీకు మాత్రం వద్దంటాను, కనీసం మొదట్లో. పిల్లల వస్తువుల మీద చాలా దేశాల్లో భద్రతా నియమాలు గట్టిగా ఉంటాయి, ఇంట్లో కుట్టారు కదా అని వదిలేయరు. బొమ్మలకి యూరప్‌లో ఈఎన్ 71, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్963 అనే ప్రమాణాలున్నాయి. 2008లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం 12 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లల కోసం చేసిన వస్తువులన్నీ దాని కిందకి వస్తాయి. మూడేళ్లలోపు పిల్లల వస్తువుల్లో ఊడివచ్చే చిన్న భాగం ఉందేమో చూడటానికి దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు, అందులో పట్టేసేది ఏదైనా గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. మనం ముద్దుగా కుట్టే గుండీ కళ్లు అందులో చక్కగా పడతాయి. ఏడాది లోపు పిల్లల పక్కలో మెత్తని బొంతలు, దిండ్లు ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఇవన్నీ తెలుసుకుని, పరీక్షలు చేయించి అమ్మగలిగితే సరే, లేకపోతే పెద్దవాళ్లు వాడే వస్తువుల దగ్గరే ఉండండి.

నా లెక్కలో మంచి వస్తువుకి లక్షణాలు ఇవి: గంటలోపు అయిపోవాలి, సైజు గొడవ ఉండకూడదు, మడిస్తే పల్చగా కవర్లో పట్టాలి, ఒకరు రెండు మూడు కొనేలా ఉండాలి. ఒంటి మీద వేసుకునే బట్టలు కుట్టి అమ్మడం రెండో లక్షణం దగ్గరే ఆగిపోతుంది, చంక దగ్గర బిగుతు, నడుం దగ్గర వదులు అంటూ తిరిగొస్తూనే ఉంటాయి. జిప్ పౌచులు, బట్ట సంచులు, దిండు గలీబులు, పుస్తకాల అట్టలు, కళ్లజోడు కవర్లు, ఏప్రన్లు, మందంగా కుట్టిన మసిగుడ్డలు ఇవన్నీ సరిపోతాయి. మసిగుడ్డలకి ఒక జాగ్రత్త, లోపల పెట్టే దూది షీటు నూలుదే అయి ఉండాలి, పాలిస్టర్‌ది పెడితే వేడికి కరుగుతుంది.

మూడు రకాలకి మించి పెట్టుకోవద్దు. పది రకాలు పెడితే పది రకాల జిప్పులు, పది రకాల కొలతలు, అల్మారా నిండా అరకొర బట్ట.

కార్టూన్ పాత్రల బొమ్మలున్న బట్ట చూస్తే కొనాలనిపిస్తుంది, త్వరగా అమ్ముడుపోతుంది కూడా. ఆ బట్ట మీద సొంత వాడకానికి మాత్రమే అని రాసి ఉందేమో అంచు దగ్గర చూడండి. వేరేవాళ్లు గీసిన పాటర్న్ కొని కుట్టేటప్పుడూ అంతే, కుట్టిన వస్తువుని అమ్ముకోనిస్తారా లేదా అన్నది పాటర్న్‌తో పాటు రాసి ఇస్తారు, చదవండి. ఎవరి నుంచో అభ్యంతరం వచ్చి పేజీ మూసేయాల్సి వస్తే, దత్తత నడుస్తున్న సమయంలో ఆ తలనొప్పి మనకి అవసరమా?

4. ఒక అంగుళం దగ్గర ఒక సంచి

కొలతలు ముందు కాగితం మీద వేయండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట తీసుకుంటే నేత అంచులు, ఉతికితే దిగేది పోను 42 అంగుళాలు వాడకానికి వస్తుందనుకోండి. మీటరు అంటే 39 అంగుళాలు పొడవు. సంచికి ముక్క 15 × 16 అని పెట్టుకుంటే అడ్డంగా రెండే పడతాయి, నిలువుగా రెండు, మొత్తం నాలుగు ముక్కలు, రెండు సంచులు. అదే 14 × 16 పెట్టుకుంటే అడ్డంగా మూడు పడతాయి, నిలువుగా రెండు, ఆరు ముక్కలు, మూడు సంచులు. ఒక్క అంగుళం తగ్గిస్తే మీటరుకి ఒక సంచి ఎక్కువ వచ్చింది. సంచి కుట్టాక 13 అంగుళాల వెడల్పు ఉంటుంది, వాడేవాళ్లకి ఆ తేడా తెలియను కూడా తెలియదు. కింద మిగిలిన ఆరేడు అంగుళాల పట్టీలో లోపలి జేబులు వస్తాయి. సంచి పట్టుకునే చేతులకి బట్ట వాడకుండా నూలు నవారు వాడితే గట్టిగానూ ఉంటుంది, పనీ తగ్గుతుంది.

నూలు బట్టని ముందే ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కొలవండి. మామూలు నూలు మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం వరకు దిగుతుంది. ఉతక్కుండా కుట్టి అమ్మితే పైబట్ట ఒక లెక్కన, లైనింగ్ ఇంకో లెక్కన దిగి, కొన్నవాళ్ల ఇంట్లో మొదటి ఉతుక్కే సంచి ముడుచుకుపోతుంది. వాళ్లు మంచివాళ్లయితే చెప్తారు, ఎక్కువమంది చెప్పరు, మళ్లీ కొనరు అంతే.

5. శాంపిల్ కుట్టి, దాన్ని హింసించండి

ప్రతి రకంలో మూడు కుట్టండి. ఒకటి మీరు వాడండి, రెండు మొహమాటం లేని మనుషులకి ఇవ్వండి. నేను మా వదినకి ఇచ్చాను, "జిప్ మూలన వేలు పట్టట్లేదు, లోపల దారాలు వేలాడుతున్నాయి, ఇది డబ్బు పెట్టి కొనాలా?" అంది. ఆ రోజు బాధపడ్డాను కానీ అంతకంటే మంచి సలహా మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. అప్పటికే పన్నెండు పౌచులు కుట్టి ఉన్నాను, అన్నీ విప్పాను.

సంచిలో లీటరు నీళ్ల సీసాలు ఐదు పెట్టి, తలుపు గొళ్లేనికి ఒక రాత్రంతా వేలాడదీయండి. అంటే 5 కిలోలు. పొద్దున చూస్తే చేతుల దగ్గర కుట్టు లాక్కుపోయి ఉంటే ఆ నమూనా పనికిరాదు. చేతులు అతికించే చోట చతురస్రంగా కుట్టి మధ్యలో మూల నుంచి మూలకి రెండు గీతలు వేయండి, లోపల చిన్న బట్ట ముక్క ఆనించండి, బట్ట చిరగదు. మామూలు నూలుకి 80 నంబరు సూది, మందపాటి క్యాన్వాస్‌కి 90, జీన్స్ లాంటి గుడ్డకి 100. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు, మందం ఎక్కువైతే మూడు. ఎనిమిది గంటలు నడిచాక సూది మార్చేయండి. విరిగేదాకా ఆగేవాళ్లం మనందరం, కానీ మొద్దుబారిన సూది కుట్లు వదిలేస్తుంది, బట్టలో పోగులు లాగేస్తుంది, మనం మాత్రం మిషన్‌ని తిట్టుకుంటాం.

జిప్ రెండు కొసలకీ చిన్న బట్ట ముక్క తొడిగి కుడితే మూలలు గుబురుగా రావు. కుట్టాక, తిరగేసే ముందు మూలలు కత్తిరించండి, కుట్టుని తాకకుండా. ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ పెట్టండి, రుద్దకుండా నొక్కి తీయండి. ఇంటిపనికీ అమ్మకపు పనికీ తేడా కనిపించేది ఎక్కువగా ఇస్త్రీ దగ్గరే.

6. ఒకటొకటిగా కాదు, తడవ తడవగా

ఒక పౌచు మొదలుపెట్టి పూర్తి చేసి రెండోది మొదలుపెడితే గంట పడుతుంది. పన్నెండు ఒకేసారి తీసుకుంటే ఒక్కోదానికి 40 నిమిషాలకి దిగుతుంది. ఒక రోజు కత్తిరింపు అంతా, ఒక రోజు ఫ్యూజింగ్ (బట్ట గట్టిగా నిలవడానికి ఇస్త్రీతో అంటించే పొర) అంటించడం అంతా, ఒక రోజు జిప్పులన్నీ. ఒకే రంగు దారంతో అయిపోయేలా బట్టలు కలిపి పెట్టుకోండి, బాబిన్లు నాలుగైదు ముందే చుట్టి పెట్టుకోండి. ఒక ముక్క కుట్టాక దారం తెంపకుండా వెంటనే రెండోది సూది కిందకి తోయండి, తోరణంలా వరుసగా వస్తాయి, చివర్లో కత్తిరించుకోవచ్చు.

ఒక తడవ మొత్తానికి ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్క రాయండి. ఆ అంకె లేకుండా ధర పెట్టలేరు.

7. ధర

"బట్ట ఖర్చుకి రెట్టింపు" అనే లెక్క వినే ఉంటారు. సులభమే కానీ తప్పుదారి పట్టిస్తుంది, బట్ట తక్కువ పని ఎక్కువ ఉన్న వస్తువులో మునిగిపోతారు. ఇలా వేయండి: బట్ట, లైనింగ్, జిప్, దారం, ఫ్యూజింగ్, ట్యాగు, ప్యాకింగ్ కవరు, అమ్మే చోట తీసుకునే కమీషన్, డబ్బు బదిలీకి పట్టుకునేది, మిషన్ సర్వీసింగ్‌కి కొంచెం. దాని మీద మీ గంటల కూలి. "నా పని ఉచితమే కదా, దత్తత కోసమే కదా" అని కూలి వదిలేస్తే మీరు నిజానికి ఆ గంటలు వేరే ఎక్కడ పనిచేసినా ఎక్కువ వచ్చేదేమో అన్నది ఎప్పటికీ తెలియదు.

తగ్గింపులు ఇచ్చే ముందు ఒక లెక్క చూడండి. 100 కి అమ్మే వస్తువు మీద మీకు 30 మిగులుతుందనుకోండి. పది శాతం తగ్గిస్తే 90 కి అమ్మినట్టు, మిగిలేది 20. వస్తువు మీద తగ్గింది పదో వంతు, మీ చేతికి తగ్గింది మూడో వంతు. దానికి బదులు మూడు కొంటే చిన్న గుండ్రటి నాణేల పర్సు ఉచితం అనండి, అది పేలికలతోనే వస్తుంది.

చుట్టాలు "మనవాళ్లకి కూడా అంతేనా" అంటారు. నవ్వి "మనవాళ్లు కాబట్టే అంత, వేరేవాళ్లయితే పోస్టేజీ కూడా" అనండి. పనిచేస్తుంది.

ఇంకో వైపు నుంచి కూడా జాగ్రత్త పడాలి. జాలి మీద ధర పెంచకండి. సంచి ఎంత చేస్తుందో అంతే ధర ఉండాలి, దత్తత సంగతి తెలియని మనిషి కూడా అదే ధరకి కొనేలా ఉండాలి. ఎవరైనా ఎక్కువిస్తే దాన్ని విడిగా రాయండి, అది అమ్మకం కాదు. అలాంటి డబ్బు తీసుకోవచ్చా అన్నది మొదటి ఫోన్ కాల్‌లోనే అడిగి ఉంటే మేలు.

8. ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి

అన్నిటికంటే కష్టం ఇక్కడ. కథ చెబితే అమ్ముడుపోతుంది, అది నిజం. "అనాథ పాప", "తల్లి వదిలేసింది", ఒక ఫోటో, ఒక కన్నీటి బొమ్మ, సంచులన్నీ రెండు రోజుల్లో అయిపోతాయి. కానీ ఆ కథ మీది కాదు, ఆ బిడ్డది, ఇంకా నోరు విప్పి వద్దనలేని బిడ్డది. ఏదైనా పెట్టే ముందు నేను ఒకటి ఊహించుకునేదాన్ని: పదిహేనేళ్లొచ్చాక క్లాసులో ఎవరో ఈ పోస్టు వెతికి తీసి తనకి చూపిస్తే? అలా చూసి రాసినవాటిలో సగం చెరిపేశాను.

కాబట్టి బిడ్డ ఫోటో, పేరు, వయసు, ఊరు, ఉన్న హోమ్, ఆరోగ్య వివరాలు, కన్నవాళ్ల సంగతి, ఇవేవీ అమ్మకంలోకి రాకూడదు. చాలా చోట్ల ఇది మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా, తీర్పు రాకముందు ఫోటో బయటపెడితే కేసుకే ఇబ్బంది. రహస్య గ్రూపులో కూడా పెట్టకండి, రహస్య గ్రూపు అంటే స్క్రీన్‌షాట్ కాస్త ఆలస్యంగా వచ్చే గ్రూపు అంతే.

మీ గురించి ఎంత కావాలంటే అంత చెప్పుకోండి. ట్యాగు మీద రెండు వాక్యాలు చాలు: "ఇది ఇంట్లో కుట్టింది. దీని మీద మిగిలే డబ్బు మా దత్తత ప్రయాణ ఖర్చులకి వెళ్తుంది." వస్తువు గురించి మాత్రం బోలెడు రాయండి, ఏ గుడ్డ, లోపల ఎన్ని జేబులు, ఎలా ఉతకాలి.

"పాపకి ఇంకా ఇంతే తక్కువ!" లాంటి లెక్కలు పెట్టకండి. వినడానికి బిడ్డని వాయిదాల మీద కొంటున్నట్టు ఉంటుంది. "టిక్కెట్లకి ఇంకా ఇంత" అనండి, మీరు చెల్లిస్తున్నది టిక్కెట్లకి, అనువాదకులకి, లాయరుకి. అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు.

"ఎంతకి తెస్తున్నారు?" అంటే, "బిడ్డకి ధర ఉండదండీ, కాగితాలకీ కోర్టుకీ ఖర్చవుతుంది."

"మీకు పుట్టలేదా?" అంటే, "అది మా ఇంటి విషయమండీ. ఈ నీలం రంగుదాంట్లో లోపల జిప్ కూడా ఉంది, చూశారా?"

"ఎవరి పిల్లో ఏమో, చూసుకున్నారా?" అంటే జవాబు చెప్పకండి. వస్తువు మడిచి లోపల పెట్టేయండి, ఆ మనిషికి అమ్మకపోయినా నష్టం లేదు.

ఇంకొకటి ముందే రాసి పెట్టాలి: దత్తత ఆగిపోతే ఆ డబ్బు ఏం చేస్తారు. ఆగిపోవడం జరుగుతుంది, ఒక దేశం దత్తతలు నిలిపేయొచ్చు, మీకు కుదిరిందనుకున్న బిడ్డ వేరే చోటికి వెళ్లొచ్చు. "ఈ ప్రయత్నం ఆగితే తర్వాతి ప్రయత్నానికి ఉంచుకుంటాం" అని మొదటి రోజే ఒక వాక్యం పెట్టండి. ఆ దుఃఖంలో ఉన్నప్పుడు పదిమందికీ సంజాయిషీ రాసే ఓపిక ఎవరికీ ఉండదు.

9. ఎక్కడ అమ్మాలి

తెలిసినవాళ్లతో మొదలుపెట్టండి, ఆఫీసు, ఇరుగుపొరుగు, స్నేహితుల గ్రూపులు. మొదటి ఇరవై అక్కడే పోతాయి, తప్పులూ అక్కడే బయటపడతాయి. తర్వాత స్టాళ్లు. స్టాల్‌కి వెళ్లే ముందు ఇంట్లో టేబుల్ మీద ఒకసారి సర్ది ఫోటో తీసుకోండి, అక్కడికెళ్లాక చేతులు ఆడవు. ధర ప్రతి వస్తువు మీదా రాసి ఉండాలి, అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు చాలామంది.

ఆన్‌లైన్‌లో అయితే ఫోటోలే అంగడి. కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా. సైజు తెలియడానికి పక్కన ఒక పుస్తకమో పెన్నో పెట్టండి, లోపలి వైపు కూడా ఒక ఫోటో ఉండాలి. వెనకాల మీ ఇంటి నంబరు, ఏజెన్సీ కాగితాలు కనిపించకుండా చూసుకోండి, ఇది నవ్వులాటకి చెప్పట్లేదు, నా ఫోటో ఒకదాంట్లో ఫైలు అట్ట మీద కేసు నంబరు స్పష్టంగా పడింది.

ముందస్తు ఆర్డర్లు తీసుకోవచ్చు కానీ పది రోజుల్లో కుట్టివ్వగలిగినన్నే తీసుకోండి. దత్తతలో కబురు ఎప్పుడొస్తుందో తెలియదు. ఏడాది పాటు ఉలుకూ పలుకూ ఉండదు, ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి ఫలానా రోజుకి రండి అంటారు. ఆ రోజు మీ దగ్గర ఇతరుల డబ్బు తీసుకుని కుట్టని అరవై సంచులు ఉండకూడదు.

పేర్లు కుట్టిమ్మని, రంగు మార్చమని అడిగేవాళ్లకి మొదట్లో లేదనే చెప్పండి. ఒక్క ప్రత్యేకమైన ఆర్డర్ తడవ మొత్తాన్ని ఆపేస్తుంది.

10. డబ్బు లెక్క

విడిగా ఒక బ్యాంకు ఖాతా. అమ్మకం డబ్బు అందులోకే, దత్తత ఖర్చు అందులోంచే. నోటుబుక్‌లో తేదీ, వస్తువు, వచ్చింది, దాని మీద అయిన ఖర్చు, మిగిలింది. బట్ట కొన్న బిల్లులు కూడా దాచండి. అమ్మకం మీద వచ్చింది ఆదాయమే, పన్ను నియమాలు దానికీ వర్తిస్తాయి, దత్తత కోసం కాబట్టి మినహాయింపు అనుకోకండి. కొన్నవాళ్లకి ఇది విరాళం కాదు, వాళ్లు సంచి కొన్నారు, అందుకని విరాళం, సేవాసంస్థ లాంటి మాటలు బిల్లు మీద రాయొద్దు. కొన్ని దేశాల్లో దత్తత ఖర్చులకి పన్ను రాయితీ ఉంటుంది, కొన్ని ఉద్యోగాల్లో సాయమూ ఇస్తారు, రెండూ కనుక్కోండి. ఒక్కోసారి ఆ ఒక్క ఫారం మూడు వందల పౌచులతో సమానం.

నెలకోసారి, కొన్నవాళ్లకి రెండు ముక్కలు రాయండి: ఈ నెల ఇన్ని అమ్మాం, అనువాదాల ఖర్చు తీరింది. అంతకంటే వివరం అక్కర్లేదు.

11. ఎప్పుడు ఆపాలి

ఎంచుకున్న ఖర్చు తీరగానే ఆపండి, లేదా వారం రోజులు విరామమిచ్చి ఇంకో ఖర్చు కావాలనే ఎంచుకోండి. అలవాటుగా సాగనివ్వకండి. మెడ పట్టేసినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆ రోజు మిషన్ మూసేయండి. మా ఆయన రాత్రి పదింటికి మిషన్ ప్లగ్ పీకేసి తన దిండు కింద పెట్టుకున్న రోజులున్నాయి, అప్పుడు కోపమొచ్చింది కానీ లేకపోతే నేను ఆపేదాన్ని కాదు.

కబురు రాగానే "కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు" అని పెట్టేయండి, కారణం చెప్పక్కర్లేదు. చేతిలో ఉన్నవి పూర్తి చేసి పంపండి, కుదరకపోతే డబ్బు తిరిగిచ్చేయండి. బిడ్డ ఇంటికొచ్చిన మొదటి నెలల్లో తనకి మీరు అలవాటు కావాలి, మిషన్ చప్పుడు కాదు. కత్తెరలు, గుండుసూదులు, రోటరీ కట్టర్ అన్నీ తాళం వేసిన పెట్టెలోకి పోవాలి, నేల మీద అయస్కాంతం పెట్టి రెండు సార్లు తిప్పండి, గుండుసూదులు ఎక్కడెక్కడినుంచో వస్తాయి.

ఇంకా మొదలుపెట్టనివాళ్లకి ఒక పని. కత్తిరించే ప్రతి బట్టలోంచి 5 అంగుళాల చతురస్రం ఒకటి తీసి డబ్బాలో వేస్తూ ఉండండి. ఆరు వరుసలుగా, వరుసకి ఎనిమిది, మొత్తం 48 అయ్యాక పావు అంగుళం లోపలికి వదిలి అతికితే 27 × 36 అంగుళాల చిన్న బొంత వస్తుంది. అది అమ్మకానికి కాదు. బిడ్డకి ఏడాది దాటాకే కప్పండి.